చలికి గడ్డకట్టని కొవ్వు

మా ఊరి చెరువు నిండి మరవ మీదుగా నీళ్లు పొర్లిన సంవత్సరమే మా వేరుశెనగ పంట కుళ్లిపోయింది. పెరికి చేలో ఆరేసిన చెట్ల మీద తుపాను వాన తెరిపివ్వకుండా పడింది. కాయలు చేలోనే మొలకెత్తాయి. మా నాయన ఆ తర్వాత చాలా రోజులు చేను వైపు పోకుండా, పొద్దున్నే చెరువు కట్ట మీదికి వెళ్లి నిలబడేవాడు. పావగడ తాలూకాలో నా ఈడు వాళ్లకి చెరువంటే గొర్రెలు మేసే బయలు. నాగలమడిక దగ్గర ఏరు కూడా మాకు ఇసుకగానే తెలుసు. అన్ని నీళ్లు ఒకచోట నిలబడి గాలికి కదలడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. నాయన పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయేదాన్ని. పంట పోయిన మాట ఇద్దరమూ ఎత్తేవాళ్లం కాదు.

మరుసటి ఏడు నేను ఎంఫిల్‌లో చేరాను. సరిహద్దు దాటి ఆంధ్రలో ఉన్న యూనివర్సిటీ, జంతుశాస్త్రం. మా గైడు సారు తక్కువ మాట్లాడే మనిషి. ఏ ఊరు అని అడిగి, చెప్పగానే, "అక్కడ నీళ్లున్నాయా?" అన్నారు.

"ఈ ఏడు ఉన్నాయి సార్."

"అయితే చేపల మీద పని చెయ్యి. ఒకే రకం చేప, అన్ని కాలాల్లో. దాని ఒంట్లో కొవ్వు ఎప్పుడు పెరుగుతుంది, ఎప్పుడు తరుగుతుంది, ఎలాంటి కొవ్వు ఉంటుంది, అది చూడు. ఆ నీళ్లు ఎన్నాళ్లుంటాయో ఏమో, ఆలస్యం చెయ్యకు."

ఇంటికి వచ్చి ఆ మాట చెబితే నాయనకు నవ్వు రాలేదు గానీ, నమ్మకమూ కుదరలేదు. "చేపల్లో నూనె యాడుంటాది పాపా? నూనెంటే శెనక్కాయల్లో గదా ఉండేది" అన్నాడు.

మాతో పాటే ఉండే మా మేనత్త పొయ్యి దగ్గర నుంచి అందుకుంది. "నీకేం తెలుసులేప్పా. చలికాలంలో చేపల కూర చేస్తే చట్టి కడిగేకి సీకాయ పొడి కావల్ల. ఎండాకాలం అదే చేపకి ఉత్త నీళ్లు చాలు." అత్త మెట్టినిల్లు పెద్ద చెరువు కింద ఊరు. భర్త పోయాక మా ఇంటికి వచ్చేసింది. కరువు ఊరికి వచ్చాక ఆమె చేప ముట్టి ఏళ్లు గడిచాయి. నా చదువు పుణ్యమా అని ఇంట్లోకి చేపలు వస్తాయని ఆమెకు లోలోపల సంతోషంగానే ఉన్నట్టుంది.

నేను ఎంచుకున్నది కొరమీను. అది నీళ్లలోనే కాదు, బయటి గాలి కూడా పీల్చుకుని బతుకుతుంది. మూత ఉన్న స్టీలు క్యానులో కాసిన్ని నీళ్లు పోసి వేస్తే బస్సులో యూనివర్సిటీ దాకా ప్రాణంతో వచ్చేది. దారి పొడవునా క్యానులో దబదబా కొట్టుకునేది. "ఏందమ్మా దాంట్లో?" అని కండక్టరు అడిగితే "చదువు" అనేదాన్ని. ఆయన రెండోసారి అడిగేవాడు కాదు.

మా చెరువులో చేపలు పట్టే ఆయన పక్క ఊరి వాడు. మాటలో నిదానం, చూపులో నిదానం. మొదటిసారి ఆషాఢంలో వెళ్లినప్పుడు ఆయన నన్ను పుట్టిలో ఎక్కించుకుని చెరువు వెనక వైపు తుంగ పెరిగిన చోటికి తీసుకెళ్లాడు. తుంగ మధ్యలో ఎవరో ఊడ్చినట్టు గుండ్రంగా ఖాళీ ఉంది. ఆ ఖాళీలో నీళ్ల మీద పసుపు కలిపిన సగ్గుబియ్యంలా గుడ్లు తేలుతున్నాయి. నేను వంగి చూశాను. గుప్పెట్లో పట్టేన్ని గుడ్లు, ఒక్కటీ మునగలేదు.

"ఏంటికి మునగవన్నా ఇవి?"

"తెలీదమ్మా. మా నాయన్ని నేను అడిగినా. ఆయనకీ తెలీదు" అన్నాడు.

కొంచెం ముందుకు పోయాక నీళ్ల పైన ఎర్రటి మరక ఒకటి కనిపించింది. మరక కదులుతోంది. కుంకుమ చల్లినట్టు వందలాది కొరమీను పిల్లలు ఒకదానికొకటి అతుక్కుని పైకీ కిందికీ వస్తున్నాయి. వాటి కింద నల్లగా, పొడుగ్గా, కదలకుండా తల్లీ తండ్రీ. మా నీడ పడగానే పెద్ద చేప ఒకటి పుట్టి మీదికే దూసుకొచ్చి నీళ్లు చిమ్మి వెనక్కి తిరిగింది. నేను పక్కకు వాలిపోయి పుట్టి అంచు పట్టుకున్నాను.

"పిల్లలు చెదిరిపోయే దాకా అవి మేత సరిగ్గా ముట్టవమ్మా. అట్లే కాపలా ఉంటాయి. పిల్లలున్నదాన్ని నేను పట్టను, నువ్వు అడగొద్దు" అన్నాడు.

నేను అడగలేదు. ఇంకోవైపు వేసిన గాలానికి పడినదాన్ని తీసుకున్నాను. అప్పటికే గుడ్లు పెట్టేసిన చేప. దాన్ని ల్యాబులో కోస్తే పొట్టలో కొవ్వు చార కూడా లేదు. కండను రోట్లో నూరి, క్లోరోఫాంలో నానబెట్టి, వడకట్టి, ఆరబెట్టాను. గాజు గిన్నె అడుగున వేలితో తుడిస్తే పోయేంత జిడ్డు మిగిలింది. సీసాలో తెచ్చిన గుడ్లను మైక్రోస్కోపు కింద పెట్టి సారును పిలిచాను. ప్రతి గుడ్డులోనూ ఒక నూనె బొట్టు, పున్నమి చంద్రుడిలా గుండ్రంగా మెరుస్తోంది. తేలడానికి కారణం ఆ బొట్టే. పిల్ల బయటికి వచ్చి నోరు తెరిచే దాకా తినేది కూడా దాన్నే. తల్లి ఒంట్లో ఉండాల్సిన కొవ్వు ఎటు పోయిందో నాకు అప్పుడు అర్థమైంది. ఆ సాయంత్రం నేను హాస్టలు గదికి వెంటనే వెళ్లలేకపోయాను. ల్యాబు మెట్ల మీద కూర్చుని ఉండిపోయాను. బాధగా అనిపించి కాదు. పుస్తకంలో రెండు వాక్యాల్లో చదివిన సంగతి కళ్ల ముందుకు వస్తే ఇంత పెద్దగా ఉంటుందని నేను అనుకోలేదు, అంతే.

తిరిగి ఊరికి వెళ్లి గుడ్ల సంగతి చేపలాయనకు చెప్పాను. వల దులుపుతున్నవాడు ఆగిపోయాడు. "నూనె బొట్టా? ఒక్కోదాన్లోనా?" అని, మళ్లీ వల అందుకుంటూ, "మా నాయన ఉంటే చెప్పుందును" అన్నాడు.

ఆ ఏడు వానలు ముందు బాగా మొదలై తర్వాత ముఖం చాటేశాయి. వేరుశెనగ ఊడలు దిగి కాయ పట్టే వేళకి నేల గట్టిపడిపోయింది. చెరువు నీళ్లు మాత్రం ఇంకా ఉన్నాయి, రోజు రోజుకీ కట్ట నుంచి వెనక్కి జరుగుతూ.

పుష్యమాసంలో సెలవులకు ఇంటికి వచ్చాను. వచ్చిన రోజే దగ్గరి చుట్టాలింట్లో దేవరకు గొర్రెను కోసి మాకు మాంసం కూర పంపించారు. అదే రోజు చేపలాయన నాకొక చేప, అత్తకొక చేప ఇచ్చాడు. అత్త నూనె చుక్క వెయ్యకుండానే చింతపండు పులుసు పెట్టింది. మరుసటి పొద్దున లేచేసరికి ఒళ్లు వణికే చలి. తల దువ్వుకుందామని కొబ్బరినూనె సీసా తీస్తే తెల్లగా గడ్డకట్టి ఉంది. దాన్ని పొయ్యి దగ్గర పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాను. అత్త రాత్రి కూరల మూతలు తీసింది. మాంసం కూర మీద కొవ్వు మైనంలా బిగుసుకుపోయి గరిటె దిగకుండా ఉంది. పక్కనే చేపల పులుసు. దాని మీద నూనె పసుపు పచ్చగా, పల్చగా, గిన్నె కదిలిస్తే కదులుతోంది.

అత్త వంట చేసుకుంటూ పోతోంది. నేనే నిలబడిపోయాను.

"ఏమే, అట్ల చూస్తాండావు?"

"అత్తా, ఇది గడ్డకట్టలేదు."

"చేప నూనె గడ్డకట్టదు గదే. ఎప్పుడూ అంతే."

అది అందరూ ఎప్పుడూ చూస్తున్నదే. నేనూ చిన్నప్పుడు చూసే ఉంటాను. అయినా ఆ పొద్దున రెండు గిన్నెలూ, కొబ్బరినూనె సీసా ఒకే పొయ్యి గట్టు మీద, ఒకే చలిలో ఉన్నాయి. కొబ్బరి గడ్డకట్టింది, గొర్రె గడ్డకట్టింది, చెరువు అడుగున చల్లటి నీళ్లలో పడుకున్న చేప గడ్డకట్టలేదు. క్యానులో ఉన్న రెండో చేపను ఆ మధ్యాహ్నమే బస్సులో తీసుకుపోయాను. సెలవులు ఇంకా మిగిలే ఉన్నాయి.

దాన్ని కోసినప్పుడు పొట్ట లోపల రెండు పక్కలా తెల్లటి కొవ్వు పట్టీలు ఉన్నాయి. కండలోంచి కూడా గిన్నె అడుగున నిలిచేంత నూనె వచ్చింది. కొవ్వు ఎంత పల్చనిదో తెలుసుకోవడానికి మా దగ్గర పెద్ద యంత్రాలు లేవు. అయోడిన్‌తో చేసే పాత పద్ధతే ఉండేది. గోధుమరంగు అయోడిన్ ద్రావణాన్ని కొవ్వుకు కలిపి చీకటి బీరువాలో పెడతాం. గట్టిపడే కొవ్వు అయోడిన్‌ను పెద్దగా తీసుకోదు. గట్టిపడని కొవ్వు తాగేస్తుంది, రంగు తగ్గిపోతుంది. వానాకాలం చేప నూనెను ఇంతే బరువుకు తీసుకుని చేసినప్పుడు రంగు కొంచెమే తగ్గింది. ఈసారి బీరువా తలుపు తీస్తే ద్రావణం పల్చటి టీ రంగులోకి వచ్చేసింది. నేను ఏదో తప్పు చేశాననుకుని మళ్లీ చేశాను. మళ్లీ అదే. సారుకు చూపించాను. ఆయన సీసాను కిటికీ వైపు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసి, "ఇంకోసారి చెయ్యి, నేనూ చూస్తాను" అన్నారు. మూడోసారీ అంతే.

"ఒకే చెరువా?"

"ఒకే చెరువు సార్. తుంగ ఉన్న వైపే."

"చలి వచ్చిందని అది కొవ్వును మార్చుకుంది" అన్నారు. ఆ మాట ఆయన నాతో అన్నట్టు లేదు.

మిగిలిన సెలవులకు మళ్లీ ఊరికి వచ్చాను. నాయన, అత్త పంచలో కూర్చుని వచ్చే వానలకు విత్తనం కాయలు ఒలుస్తున్నారు. నేనూ కూర్చుని ఒలుస్తూ ఈ సంగతి చెప్పబోయాను. నాయనకు అర్థం కాలేదు. లేచి వెళ్లి పెరట్లో నుంచి కొన్ని కంది కట్టెలు, ఒక తుమ్మ కంప తెచ్చాను.

"కొవ్వంటే సన్నటి గొలుసులు నాయనా, కంటికి కనపడనంత సన్నవి. మాంసం కొవ్వులో గొలుసులు ఈ కంది కట్టెల మాదిరి, తిన్నగా ఉంటాయి. చలికి దగ్గరికి జరిగి మోపు కట్టినట్టు బిగుసుకుంటాయి. చేప కొవ్వులో గొలుసులు ఈ కంప మాదిరి, వంకరలు. ఎంత అదిమినా మోపుకి రావు. అందుకే గట్టిపడదు."

నాయన కంది కట్టెలు పిడికిట్లో పట్టి చూశాడు. కంపను చూశాడు. "సరే. అది పుట్టుకతోనే అట్ల ఉంటాది గదా. దాంట్లో ఏముండాది?"

"అదే నాయనా చెప్పేది. వానాకాలం చేపలో కట్టెలు ఎక్కువ, కంప తక్కువ. చలికాలం వచ్చేసరికి అదే చెరువు చేప తన ఒంట్లోని కట్టెల్ని కంపగా మార్చుకుంటాది. దానికి దుప్పటి లేదు, పొయ్యి లేదు. నీళ్లు ఎంత చల్లగుంటే ఒళ్లూ అంత చల్లగుంటాది. ఒంట్లో ప్రతి కణం చుట్టూ కొవ్వు గోడ ఉంటాది. అది బిగుసుకుంటే చేప కదల్లేదు, బతకలేదు. అందుకని మార్చుకుంటాది."

నాయన ఒలవడం ఆపేశాడు. "చలి వస్తాదని దానికి ఎవురు చెప్తారు?"

"ఎవురూ చెప్పరు. ఒంటికి తగిలితే ఒళ్లే చేసుకుంటాది."

ఆయన చేతిలో కాయలు అట్లే ఉన్నాయి. "మనకి వాన వస్తాదో రాదో రేడియోలో చెప్పినా తెలీదు" అని, "ఇంత చిన్న ప్రాణి" అన్నాడు. అత్త మాత్రం నా వైపు చూసి, "అందుకేనేమో చలికాలం చేప అంత రుచి" అని మళ్లీ ఒలుపులో పడింది.

ఫాల్గుణానికి చెరువు ఎండిపోయింది. చివరి మడుగుల్లో ఉన్న చేపలన్నీ చేపలాయన పట్టుకుపోయాడు. ఎండాకాలానికని నాకు ఇవ్వాల్సిన చేప అప్పుడే ఇచ్చాడు. నా పని ముగిసినట్టేనని అనుకున్నాను. వైశాఖం వచ్చేసరికి చెరువు అడుగు నెర్రెలు విచ్చింది. ఊళ్లో వాళ్లు ఎద్దుల బండ్లు కట్టుకుని పూడిక మట్టి తోలుకోవడం మొదలుపెట్టారు. చేలకి అది మంచి ఎరువు. నాయన కూడా బండి కట్టాడు. నేను మధ్యాహ్నం ఆయనకు సద్ది తీసుకుని వెళ్లాను.

తూము దగ్గర లోతు ఎక్కువ. పై పెళ్ల తీస్తే కింద మట్టి ఇంకా కొంచెం మెత్తగా ఉంది. నాయన గడ్డపారతో పెళ్ల లేపి, సగంలో ఆగాడు. నన్ను గట్టిగా పిలవలేదు. చెయ్యి ఊపాడు. దగ్గరికి వెళ్లి చూస్తే పెళ్ల కింద జానెడు గూడు లాంటి ఖాళీ, దాంట్లో మట్టి రంగులోనే కొరమీను. చచ్చిందనుకున్నాను. తల పక్కన చర్మం మెల్లగా ఎగసి పడింది.

"ఊపిరి తీస్తాండాది" అన్నాడు నాయన, నెమ్మదిగా, అది వింటుందేమో అన్నట్టు.

పైన మా కాళ్లు కాలే ఎండ. ఆ చేప చెరువు ఎండినప్పటి నుంచి అక్కడే ఉంది, తిండీ లేదు, ఈతా లేదు. ఇద్దరమూ మోకాళ్ల మీద కూర్చుని చేతులతో మట్టి తీశాం. ఆ పక్కనే ఇంకోటి దొరికింది. తడి గోతాంలో చుట్టి బండిలో ఇంటికి తెచ్చి, ఎద్దులకు నీళ్లు పెట్టే తొట్టిలో వేశాం. రెండూ కొంతసేపు పక్కకు పడి ఉండి, తర్వాత నిటారుగా నిలబడ్డాయి.

అత్త తొట్టిలోకి తొంగి చూసి, "ఏముండాది వీట్లో, ఎముకలు తప్ప. పులుసుకి కూడా రావు" అంది. అని, చెయ్యి నీళ్లలో పెట్టి ఒకదాని వీపు మీద తడిమింది.

"ఒకటి నాకు కావాలి నాయనా" అన్నాను. నాకు ఆ మాట తేలిగ్గా రాలేదు. మట్టిలోంచి తీసిన చేప కొవ్వు చూసే అవకాశం మళ్లీ రాదని తెలుసు.

"ఒకటే గదా. తీసుకుపో. రెండోది ఉండనీ" అన్నాడు.

దాన్ని సారే కోశారు. నేను పళ్లెం పట్టుకుని పక్కన నిలబడ్డాను. పొట్టలో కొవ్వు పట్టీల ఆనవాలు లేదు. కాలేయం కుంచించుకుపోయింది. కండలోంచి గిన్నె అడుగు మెరిసేంత జిడ్డు కూడా రాలేదు. ఇంక చూసేదేమీ లేదనుకుంటుండగా సారు పట్టకారుతో వెన్నెముక కింద నుంచి సన్నటి పసుపు పట్టీలు రెండు పైకెత్తారు. గుడ్ల తిత్తులు. కొంచెం తీసి మైక్రోస్కోపు కింద పెట్టి, ఆయన చూసి, లేచి, నన్ను కూర్చోమన్నారు. ఇంకా ఎదగని గుడ్లు, గసగసాల కన్నా చిన్నవి. వాటిలో సూది మొనంత నూనె చుక్కలు అప్పుడే పోగవుతున్నాయి.

"ఎన్నాళ్లు మట్టిలో ఉంది?" అన్నారు సారు.

"ఫాల్గుణం నుంచి సార్."

"ఏం తిని?"

"ఏమీ లేదు సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పక్క గదిలో ఉన్న విద్యార్థులను పిలిచి ఒక్కొక్కరినే చూడమన్నారు. నేను రెండోసారి చూడాలని వరసలో చివర నిలబడ్డాను. తన కండను తనే కరిగించుకుంటూ, వస్తుందో రాదో తెలియని వాన కోసం ఆ చేప మట్టిలో నూనె కూడబెట్టింది. నాకు ఆ తర్వాత ఉద్యోగం వచ్చింది, పాఠాలు చెప్పాను, మంచి యంత్రాలున్న ల్యాబుల్లోనూ పనిచేశాను. ఆ వరసలో నిలబడినప్పుడు నా గుండె కొట్టుకున్నట్టు ఇంకెప్పుడూ కొట్టుకోలేదు.

రెండో చేప తొట్టిలోనే ఉంది. ఎద్దులకు నాయన వేరే బాన పెట్టాడు. చేను గట్ల మీద మిడతలు పట్టి తెచ్చి వేసేవాడు. మొదట్లో తినలేదు, తర్వాత చెయ్యి చూడగానే పైకి వచ్చేది. నెలల తరబడి ఇంటికి వచ్చినవాళ్లంతా కూరకా అని అడిగేవాళ్లు. "వాన వచ్చేదాకా ఉంటాది" అని మాత్రం నాయన అనేవాడు.

వాన భాద్రపదంలో వచ్చింది, అదీ ఒక్క పెద్ద వాన. చెరువు నిండలేదు. తూము దగ్గర గుంతలో మాత్రం నడుము లోతు నీళ్లు నిలిచాయి. నాయన చేపను బిందెలోకి ఎత్తుకున్నాడు. అత్త, నేను వెంట వెళ్లాం. గుంత అంచున కూర్చుని బిందె వంచాడు. చేప నీళ్లలోకి జారి, అక్కడే, ఆయన కాళ్ల దగ్గరే ఆగిపోయింది. ఒకసారి పైకి వచ్చి నోరు తెరిచి గాలి మింగింది. తర్వాత కనిపించలేదు.

"గుడ్లు పెడతాదామే ఇది?" అంది అత్త.

"ఇంకోటి ఉంటే పెడతాదేమో అత్తా."

"ఉంటాదిలే. మట్టిలో యాడో ఒకచోట" అన్నాడు నాయన.

వచ్చేటప్పుడు అత్త దగ్గరి దారని చెరువు అడుగు మీద నుంచి నడవబోయింది. నాయన ఆమెను ఆపి, చుట్టు తిరిగి కట్ట మీదుగా తీసుకొచ్చాడు. అత్త నడుస్తున్నంతసేపూ కింద మట్టి వైపు చూస్తూనే ఉంది.